చన్నీళ్లక్కకి బీపీ

టైలరు మాస్టరుకి బీపీ ఉందన్న సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎప్పుడూ కొలిచి చూసింది లేదు. చొక్కా చేతులు కాస్త పొడుగయ్యాయని ఎవరైనా నోరు జారితే చాలు, మాస్టరు ముఖం కందగడ్డ అయిపోయేది. మెడ నరాలు తాళ్లలా ఉబ్బేవి. గజంబద్దతో బల్ల మీద ఒక్కటేసి, "చూడండి, పొద్దున్నే నాకు బీపీ తెప్పించకండి!" అని అరిచేవాడు. ఎదురుగా మందుల షాపులో ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడి ఇటు తిరిగేవాళ్లు. అలా ఆయనకి బీపీ మాస్టరు అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆయన కోప్పడలేదు సరికదా, మీసం కింద చిన్నగా నవ్వుకున్నాడు. బీపీ అంటే పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లకి, బాధ్యతలు మోసేవాళ్లకి వచ్చే జబ్బని ఆయన నమ్మకం.

ఆయన భార్యని మాత్రం అందరూ చన్నీళ్లక్క అనేవాళ్లు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు ఆ ఇంట్లో ఈవిడ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ కొట్టుకి గిరాకీ ఎక్కడిదని మందుల షాపాయన ఒకసారి అన్నాడు. ఆ మాట వీధంతా పాకింది, పేరై కూర్చుంది.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. మధ్యలో తలుపు లేదు, ఒక తెర ఉండేది. ముందు గదిలో గోడవారగా కుట్టుమిషను, దాని పక్కన బట్ట కత్తిరించే బల్ల, కిటికీ కింద ఒక చిన్న పీట. ఆ పీట మీద కూర్చునే ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ చేతిపని చేసింది. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేత్తో కుట్టడం, కుట్టు విప్పాల్సి వస్తే విప్పడం, అంతా ఆవిడ వంతే. కాజా చుట్టూ ఆవిడ కుట్టిన దారం చూస్తే చీమలు బారు తీరినట్టు ఉండేది. పొద్దున మెడ వంచితే మళ్లీ వంటకు లేచినప్పుడే ఎత్తడం. పక్కన ఒక గిన్నెలో ఉప్పు వేరుశనగలు ఉండేవి. అవే ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం.

నెమ్మదైన మనిషే గానీ, నోట్లో నాలుక లేని మనిషి మాత్రం కాదు. ఒకసారి ఒకాయన ప్యాంటు పట్టుకొచ్చి, "ఏంటండీ ఇది, పొట్టిగా కుట్టారు!" అని గొడవకు దిగాడు. మాస్టరు గజంబద్ద అందుకునేలోపు ఆవిడ పీట మీద నుంచి తల ఎత్తి, "పొట్టిగా కుట్టలేదన్నయ్యా, కొలతలిచ్చిన రోజు మీరు బెల్టు బొడ్డు కింద పెట్టారు, ఇవాళ బొడ్డు మీద పెట్టారు," అంది. ఆయన బొడ్డు తడిమి చూసుకున్నాడు. కొట్టంతా నవ్వు. ఆయనా నవ్వాడు. మాస్టరు ఒక్కడే నవ్వలేదు, ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక గోడకున్న మేకును సరిచేశాడు.

ఇంట్లో మాస్టరు కోపం ఎక్కువగా అన్నం దగ్గరే. కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసేసేవాడు. "ఇది కూరా, కడుగునీళ్లా?" అనేవాడు. అందుకని ఆవిడ ఒక చిటికె ఎక్కువే వేసేది. ఇద్దరూ తినేది ఒకే గిన్నెలోంచి. కూతురు కాపురానికి వెళ్లాక ఇంట్లో మిగిలింది ఇద్దరే అయినా ఆ చిటికె తగ్గలేదు. మాస్టరు గట్టిగా అరిచినప్పుడల్లా ఆవిడ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చి, "తాగండి ముందు. అరిచేదేదో తరవాత అరుద్దురుగాని. ఏమన్నా అయితే నేనేం చెయ్యను?" అనేది. కూతురికి కూడా చిన్నప్పటి నుంచీ అదే నూరిపోసింది. "నాన్నకి ఎదురు చెప్పకమ్మా, బీపీ మనిషి." ఇల్లంతా ఆయన ఒంట్లో రక్తపోటు చుట్టూ మునివేళ్ల మీద నడిచేది.

ఒక వానాకాలం ప్రభుత్వాసుపత్రి వాళ్లు మందుల షాపు పక్కన బల్ల వేసి వీధిలో అందరికీ బీపీ చూశారు. ఇద్దరు నర్సులు, ఒక మిషను, వానకి అడ్డంగా కట్టిన పట్టా. మాస్టరు రానన్నాడు. "నాకు ఉందని నాకు తెలుసుగా, వాళ్లు చెప్పేదేంటి?" అన్నాడు. ఆవిడే బతిమాలి, చొక్కా మార్పించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మాస్టరు వస్తున్నాడని తెలిసి వీధిలో సగం మంది చూడటానికి చేరారు. మిషను పగిలిపోతుందేమోనని ఎవరో అన్నారు.

పెద్ద నర్సు పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, వదిలింది. "నూట ఇరవై, ఎనభై. బంగారంలా ఉంది. ఇంకెవరు?" అంది.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత నవ్వులు మొదలయ్యాయి. "ఇన్నాళ్లూ ఊరికే భయపడ్డామా మాస్టరూ!" అని మందుల షాపాయన కడుపు పట్టుకున్నాడు. మాస్టరుకి ఉన్న ఆస్తేదో పదిమందిలో లాగేసుకున్నట్టు అయింది. "మళ్లీ చూడమ్మా, సరిగా చూసినట్టు లేదు," అన్నాడు. నర్సు మళ్లీ చూసింది. అంతే ఉంది.

చిన్న నర్సు, "అక్కా, వచ్చారుగా, మీరూ కూర్చోండి," అని ఆవిడ చేతికి పట్టీ చుట్టింది. గాలి వదులుతూ భృకుటి ముడిచింది. మళ్లీ గాలి కొట్టింది. తరవాత పెద్ద నర్సుని పిలిచింది. పెద్ద నర్సు ఆవిడని కాసేపు కదలకుండా కూర్చోమని, రెండో చేతికి చూసింది.

"తలనొప్పి వస్తుందా అమ్మా?"

"లేదండీ."

"కళ్లు తిరగడం, ఆయాసం?"

"ఏం లేదండీ. మెడ కాస్త లాగుతుంది. అది కూర్చుని కుట్టడం వల్ల."

"నూట తొంభై ఉంది. కింద నూట పది. రేపే ఆసుపత్రికి రావాలి. రేపంటే రేపే."

ఆవిడ నవ్వేసింది. "ఆయనది నా మీదకి వచ్చిందేమో చూడండి," అంది. అందరూ మళ్లీ నవ్వారు. మాస్టరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. "చన్నీళ్లక్కకి బీపీ ఏంటమ్మా! ఈవిడ చీమ మీద కూడా కోప్పడదు. మీ మిషను పాడైపోయింది," అన్నాడు. పోయిన పరువు కాస్త తిరిగొచ్చినట్టనిపించింది ఆయనకి.

పెద్ద నర్సు నవ్వలేదు. "కోపానికీ దీనికీ సంబంధం లేదయ్యా. కోపం వస్తే ఎవరికైనా కాసేపు పెరుగుతుంది, మళ్లీ దిగిపోతుంది. ఇది దిగదు. నిద్రలో కూడా దిగదు. నొప్పి ఉండదు గనక మనిషికి తెలియదు. లోపల రక్తం పారే గొట్టాలు మాత్రం అరిగిపోతుంటాయి," అంది.

మర్నాడు వెళ్లారు. డాక్టరమ్మ మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమంది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే, లేదంది ఆవిడ. వేరే మందులేమైనా వాడుతున్నారా అంటే, అదీ లేదంది. అబద్ధం చెప్పలేదు. మెడనొప్పికి రోజూ మందుల షాపులో కొని మింగే మాత్ర ఆవిడ దృష్టిలో మందు కాదు. బొగ్గుల ఇస్త్రీపెట్టెకి బొగ్గులెలాగో తనకి అదీ అలాగే. అది వేసుకుంటేనే పీట మీద కూర్చోగలిగేది.

కొన్నాళ్లు మాత్రలు వేసుకుంది. కూర రెండు రకాలుగా వండటం మొదలుపెట్టింది, ఆయనకి ఉప్పుతో, తనకి లేకుండా. తరవాత విసుగొచ్చి మళ్లీ ఒకే గిన్నెలో వండింది. ఒకరోజు మందుల షాపాయన దగ్గర చూపించుకుంటే బీపీ మామూలుగా ఉంది. ఆవిడ ఇంటికొచ్చి, "తగ్గిపోయిందంటండీ. ఇక మానెయ్యనా? కాళ్లు కూడా వాస్తున్నాయి ఆ మాత్రలకి," అంది.

స్కూలు బట్టల కాలం అది. మాస్టరు బల్ల మీద గుట్టలా బట్ట పరుచుకుని సుద్దతో గీతలు గీస్తున్నాడు. "తగ్గినదానికి మందెందుకు? మానెయ్," అన్నాడు, తల ఎత్తకుండానే. మాత్ర వేసుకుంటోంది కాబట్టే తగ్గిందన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. జ్వరానికి, జలుబుకి మందేసుకుని తగ్గాక మానేసినట్టే దీన్నీ మానేశారు. మళ్లీ ఎవరూ చూడలేదు. ఆవిడకి ఒక్కరోజు తల నొప్పి కూడా రాలేదు. నీళ్లు మోసింది, వంట చేసింది, తెల్లవారకముందే లేచి కాజాలు తీసింది. ఎవరైనా అడిగితే, "నాకేం, రాయిలా ఉన్నాను," అనేది.

అది జరిగిన రోజు పొద్దున ఎండ బాగా ఉంది. ఆవిడ పీట మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. మాస్టరు మిషను మీద కాలర్ కుడుతున్నాడు. గుండీలు కుట్టాల్సిన చొక్కా కోసం మనిషి వచ్చి గడపలో నిలబడ్డాడు. మాస్టరు ఓరకంట చూశాడు. ఆవిడ ఇంకా దారం ఎక్కిస్తూనే ఉంది. దారం కొస సూది పక్క నుంచి వెళ్లిపోతోంది. మళ్లీ పెదవుల మధ్య తడిపి పెడుతోంది, మళ్లీ పక్కకి వెళ్లిపోతోంది.

"ఏమేవ్, సూదిలో దారం ఎక్కించడానికి ముహూర్తం పెట్టించాలా?" అని అరిచాడు.

ఆవిడ తలెత్తి ఏదో అంది. నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడినట్టుంది. పెదవి ఒక పక్కకి జారింది. వెక్కిరిస్తోందనుకున్నాడు మాస్టరు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ వెక్కిరించని మనిషి గడపలో పరాయి మనిషి ముందు వెక్కిరిస్తోందని మండిపడ్డాడు. "ఏంటా వేషాలు?" అంటూ లేచాడు. అప్పుడు ఆవిడ కుడిచెయ్యి ఒళ్లోంచి జారి వేలాడటం చూశాడు. పీట మీద నుంచి ఆవిడ మెల్లిగా, ఎవరినీ ఇబ్బంది పెట్టనట్టుగా, పక్కకి ఒరిగిపోయింది.

గడపలో ఉన్నాయనా, మందుల షాపాయనా కలిసి ఆటోలో ఎక్కించారు. మాస్టరు చెప్పులు వేసుకోలేదు. మెడలో టేపు అలాగే ఉంది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. అదే డాక్టరమ్మ ఈసారి వరండాలో నిలబడి మాస్టరుని వివరాలు అడిగింది. అప్పటికి చన్నీళ్లక్క తమ్ముడు కూడా వచ్చాడు. "మా నాన్న కూడా ఇలాగే పోయాడు బావా. కాళ్లు కడుక్కుంటూ కూలిపోయాడు. ఎండదెబ్బన్నారు అందరూ. అక్కకప్పుడు పెళ్లి కూడా కాలేదు," అన్నాడు. మెడనొప్పి మాత్రల సంగతి మందుల షాపాయన తనంతట తనే చెప్పాడు. చెబుతూ సగంలో ఆగిపోయాడు. ఆ మాత్రలు రోజూ వేసుకుంటే బీపీ పెరుగుతుందని డాక్టరమ్మ అంది. ఆయన గోడకి ఆనుకుని నిలబడి, "నేనే ఇచ్చేవాణ్ణండీ," అన్నాడు. ఆ తరవాత ఆయన చాలాకాలం మాస్టరు కళ్లలోకి చూడలేదు.

మాస్టరు మాత్రం ఒక్కటే అడిగాడు. "నేను అరిచేవాణ్ణి డాక్టరుగారూ. ఊరికే అరిచేవాణ్ణి. దానివల్లేనా?"

"దీనికి ఒకటే కారణం అని చెప్పలేం. వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది కొంత. ఉప్పు, నిద్ర లేకపోవడం, ఆ మాత్రలు, అన్నీ కలిశాయి. అన్నిటికన్నా, మందు మానెయ్యడం."

"అయితే అరవడం వల్ల కాదంటారా?"

"భయపడుతూ బతికితే ఎవరికీ మంచిది కాదు. ఆవిడ విషయంలో అదెంతో నాకు తెలియదు," అంది డాక్టరమ్మ.

మాస్టరు ఆ జవాబు పట్టుకుని చాలా రోజులు తిరిగాడు. అవునన్నా బావుండేది, కాదన్నా బావుండేది. అవునంటే తలకొట్టుకుని ఏడ్చేవాడు. కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. రెండూ కాకపోవడంతో ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

ఇంటికొచ్చిన కొన్ని వారాలకి ఆవిడకి మాట వచ్చింది. వచ్చింది ఒక్కటే మాట. మాస్టరు చెంచాతో గంజి పట్టబోతే ఆవిడ స్పష్టంగా, గట్టిగా, "ఛీ, పో!" అంది.

మాస్టరు చెంచా వదిలేశాడు. అమ్మని చూసుకోవడానికి వచ్చి ఉన్న కూతురు పొయ్యి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది. "అమ్మ మాట్లాడింది నాన్నా!" అని ఏడుస్తూ నవ్వింది. ఏం మాట్లాడిందో చెప్పడానికి మాస్టరుకి నోరు రాలేదు. ఆవిడే మళ్లీ చెప్పింది. "ఛీ, పో!"

నీళ్లు కావాలన్నా అదే మాట. పక్క మార్చమన్నా అదే. కూతురు వచ్చి ఒళ్లో తల పెట్టుకున్నప్పుడు ఆ పిల్ల జుట్టు ఎడమచేత్తో నిమురుతూ, కళ్లలో నీళ్లతో, "ఛీ పో, ఛీ పో," అంది. తను ఏదో మంచి మాట అంటున్నాననే ఆవిడ అనుకుంటోందని చూసేవాళ్లకి తెలిసేది. బయటికొచ్చాక ఆ మాట ఆవిడకే వినబడి, తెల్లబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మాట నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి వారానికోసారి వచ్చేది. ఆలోచించి పేర్చుకునే మాటలు పోయినా, తిట్లు, అంకెలు, పాటల్లాంటివి, వాటంతటవే దొర్లేవి, ఒక్కోసారి మిగిలిపోతాయని చెప్పింది.

"కానీ ఈవిడ జన్మలో ఎవరినీ ఆ మాట అనలేదమ్మా," అన్నాడు మాస్టరు. "నన్నే కాదు, కుక్కని కూడా అనలేదు."

"పైకి అనలేదేమో అంకుల్," అంది ఆ అమ్మాయి. ఏదో మామూలుగా అనేసి, బొమ్మలున్న అట్టలు సర్దుకుని వెళ్లిపోయింది.

మాస్టరు ఆ మాట వదిలిపెట్టలేకపోయాడు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయేవాడు. కంచం తోసిన పూటలు గుర్తొచ్చేవి. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి తెర వెనక్కి వెళ్లినప్పుడు ఆవిడ పెదవులు కదిలేవా? ఆయన ఎప్పుడూ తెర తొలగించి చూడలేదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఆవిడ మంచం పక్కన కూర్చుని అడిగేశాడు. "నిజం చెప్పు. లోపల నన్ను తిట్టుకునేదానివా?"

ఆవిడ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "ఛీ, పో," అంది. అని నవ్వింది. ఒక పక్క పెదవే లేచింది. అది అవునో, కాదో, సరసమో, ఆయనకి తెలియలేదు. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ దిండులో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తరవాత ఆయన ఛీపోలు వేరు చెయ్యడం నేర్చుకున్నాడు. చివర సాగితే నీళ్లు. పొట్టిగా తెగితే నొప్పి. రెండుసార్లు అంటే కిటికీ తెరవమని. మాత్రలు పొద్దున తనే వేసేవాడు. ఉప్పులేని కూర వండుకుని, అదే తనూ తినేవాడు. కొత్తగా వచ్చిన గిరాకీ ఒకడు, "జాగ్రత్తరోయ్, మాస్టరుకి బీపీ అంట," అని పక్కవాడితో అంటే, ఈయన కత్తెర పక్కన పెట్టి, "నాకు లేదు బాబూ. మా ఆవిడకుంది," అన్నాడు. లోపలి నుంచి "ఛీ పో!" అని వినబడింది. వాళ్లు బిక్కమొహాలేసుకున్నారు. "మిమ్మల్ని కాదు, నన్నే పిలుస్తోంది," అని మాస్టరు తెర తీసుకుని లోపలికి వెళ్లాడు.

చలికాలం చివర పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదు. అన్నం తినిపించి మూతి తుడుస్తుండగా ఆవిడ కళ్లు ఒకవైపు తిరిగిపోయాయి. మాస్టరు ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడు. పెళ్లయినప్పటి నుంచీ ఏమేవ్ అనడమే గానీ పేరు పెట్టి పిలవలేదు. పక్కనే ఉన్న కూతురికి కూడా ఆ పిలుపు కొత్తగా వినబడింది. ఆవిడ వింది లేనిదీ ఎవరికీ తెలియదు.

అంతా అయిపోయి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, మాస్టరు కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ పిల్ల రానంది. "నాకేంటి నాన్నా, నాకు ముప్ఫై కూడా దాటితేగా. నేను కోప్పడను కూడా," అంది. మాస్టరు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసి ఆ పిల్ల బయల్దేరింది.

డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. వారం ఆగి మళ్లీ రమ్మంది. వారం తరవాతా అంతే ఉంది. అమ్మకున్నంత లేదు గానీ, ఉండాల్సినదానికన్నా ఎక్కువే. "ఇంత తొందరగా తెలియడం మంచిదే," అంది డాక్టరమ్మ. కూతురు బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. మాస్టరు కిటికీలోంచి బయట ఆగి ఉన్న ఆటోలని చూస్తూ ఉండిపోయాడు.

పీట మీద పనికి ఇప్పుడు పక్కవీధి నుంచి ఒకావిడ వస్తోంది. కాజాలు బాగానే తీస్తుంది. మాస్టరు ఇంకా అరుస్తాడు, అబద్ధమెందుకు, కానీ మునుపటంత కాదు, సగంలో ఆగిపోతాడు. ఆదివారం పూట కొట్టు మూసి రెండు బస్సులు మారి కూతురింటికి వెళ్తాడు. అల్లుడితో నాలుగు మాటలు, మనవరాలికి కుట్టిన గౌను, భోజనం. భోజనమయ్యాక కూతురు గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని, మాత్ర నోట్లో వేసుకుని, ఆయనకి కనబడేలా మింగుతుంది.

"వేసుకున్నాను నాన్నా. ఇంకా అక్కడే నిలబడ్డావేం? వచ్చి కూర్చో."

"కూర్చుంటాలేమ్మా," అంటాడు మాస్టరు. అని ఇంకాసేపు అక్కడే నిలబడి ఉంటాడు.